శాంపిల్ సైజు

శనివారం పొద్దున ఏడింటికి షాపులో ముప్పై మడత కుర్చీలు వరసగా వేశాను. వేసి నడుం ఎత్తానో లేదో, మా ఆయన కర్ట్ వచ్చి, కాస్త వంపు తిప్పి వేస్తే నిండుగా కనిపించేది కదా అన్నాడు. మళ్ళీ వేశాను. నా ఎడమ కాలు ఇంకా సరిగా ఆనడం లేదు కాబట్టి ఒక్కో కుర్చీనీ కుడి కాలితో నెట్టుకుంటూ వేశాను. అతను కాఫీ కప్పు పట్టుకుని చూస్తూ, తొందరేం లేదు, నిదానంగానే కానీ అన్నాడు. దాన్ని దయ అనుకునేవాళ్ళు ఉంటారు. ఇరవై రెండేళ్ళు నేనూ అలాగే అనుకున్నాను.

అమెరికాలో సుపీరియర్ సరస్సుకి ఉత్తరపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు మాది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కొండదారులన్నీ మంచులోనే ఉంటాయి. మంచు పడిందని ఇంట్లో ముడుచుకుని కూర్చునే జనం కాదు మేము, ఆ మంచులోనే పరిగెత్తుతాం. ఆ పరుగుకి కావలసిన బూట్లు అమ్మే షాపు మాది. మాది అంటే కర్ట్‌ది. బోర్డు మీద అతని పేరుంటుంది, నేల మీద నేనుంటాను. నేల మీద అంటే నిజంగానే నేల మీద. వచ్చినవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాదాన్ని ఇనుప కొలత పీట మీద పెట్టించి, మడమ వెనక్కి ఆనించి, బొటనవేలి కొస ఎక్కడికొచ్చిందో చూసి చెబుతాను. మెత్తటి మంచుకైతే అడుగున లోతైన గుబ్బలుండాలి, గడ్డకట్టిన దారికైతే మేకులుండాలి. మందం సాక్సు పట్టాలి కనుక అర సైజు పెద్దది తీసుకోండి, వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ వదలండి, ఇరుకు బూటులో వేలికి రక్తం ఆడదు, రక్తం ఆడని వేలే ముందు గడ్డకడుతుంది అంటాను. నీళ్ళు చొరని బూటు కావాలని అడిగేవాళ్ళకి, పైనుంచి నీళ్ళు పోతే అవి బయటికీ రావు సుమా అని చెబుతాను. ఈ జిల్లాలో సగం మంది పాదాలు నాకు తెలుసు. పుండున్న పాదాలు, గోరూడిన పాదాలు, కడుక్కోకుండా నా ఒళ్ళో పెట్టే పాదాలు. బూట్ల గురించి కర్ట్‌కి తెలియనిది లేదని ఊళ్ళో అందరూ అంటారు. కర్ట్‌కి చెప్పింది నేను. ఈ పనికి నాకు జీతం లేదు, ఇంట్లో పనికి మాత్రం ఉందా అని ఒకసారి అతనే నవ్వుతూ అడిగాడు.

ఏటా సెప్టెంబరులో కంపెనీలవాళ్ళు కొత్త రకాలు ఒక్కో జత చొప్పున ఉచితంగా శాంపిళ్ళుగా పంపుతారు, అన్నీ ఒకే సైజులో. మగవాళ్ళవైతే తొమ్మిదో నంబరు, ఆడవాళ్ళవైతే ఏడు. కర్ట్ పాదం పదకొండు, కాబట్టి అతను ఎప్పుడూ తన కాలికి సరిపడ్డ జత అలమరలోంచే తీసుకుంటాడు. పెళ్ళినాటికి నా పాదం అచ్చంగా ఏడు, కాబట్టి ఆ ఉచిత జతలు నాకే. "అందరూ అందం చూసి కట్టుకుంటారు, నేను శాంపిల్ సైజు చూసి కట్టుకున్నాను" అని పెళ్ళి విందులో కర్ట్ అంటే హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరు పిల్లలు పుట్టేసరికి నా పాదం ఎనిమిదిన్నర అయింది. కడుపుతో ఉన్నప్పుడు కీళ్ళు వదులై పాదం సాగుతుంది, చాలామందికి అది మళ్ళీ వెనక్కి రాదు. ఆ సంగతి షాపుకొచ్చే ఎంతమంది తల్లుల పాదాలు చూసి నేర్చుకున్నానో. కర్ట్‌తో చెబితే, పాదం పెరగడమేంటి, ఒళ్ళు పెరిగిందను అన్నాడు. మా అత్తగారు వెర్నా అప్పుడు అక్కడే ఉన్నారు. ఆవిడ తన కాళ్ళకేసి ముచ్చటగా చూసుకుని, "నలుగుర్ని కన్నాను. ఆరున్నర దాటలేదమ్మాయ్ నా కాలు. మనిషికి అదుపు ఉండాలి" అన్నారు. పాదాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలాగో నాకు చేతకాలేదు.

ఒక చలికాలం అలమరలోంచి ఎనిమిదిన్నర జత తీసి తొడుక్కున్నాను.  కర్ట్ అరిచే రకం కాదు, అరిస్తే ఏదో ఒకటి తేలిపోయేది. సాయంత్రం భోజనాల దగ్గర పిల్లలతో, మీ అమ్మకి ఉచితంగా వచ్చినవి ఆనవర్రా, అమ్ముకునే సరుకు కావాలట అన్నాడు. పెద్దాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాడు నా కాళ్ళకేసి చూసి నవ్వాడు. మర్నాడు ఆ జత తుడిచి పెట్టెలో పెట్టి అలమరలో సర్దేశాను. ఆ తర్వాత ఏటా ఏడో నంబరే. ప్రతి చలికాలం రెండు మూడు గోళ్ళు నల్లబడి ఊడేవి. పరిగెత్తేవాళ్ళకి అది మామూలే అని కర్ట్ అనేవాడు. అతని గోళ్ళు ఒక్కటీ ఊడలేదు.

పోయిన జనవరిలో కొత్త రకం బూటొచ్చింది. షాపు కోసం వీడియో తీద్దామన్నాడు. కొండ చుట్టూ ఆరు మైళ్ళ దారి, నేను ముందు, అతను వెనక ఫోను పట్టుకుని. ఎవరి అడుగూ పడని మంచైతేనే బొమ్మ బావుంటుందట. పిక్కల లోతు మంచులో ముందు పోయేవాడి పని ఏమిటో మా ఊళ్ళో బడి పిల్లలకి కూడా తెలుసు. ముందువాడు దారి తొక్కాలి, వెనకవాడు ఆ అడుగుల్లో అడుగేసుకుంటూ హాయిగా వస్తాడు. అందుకే ఎవరైనా పది నిమిషాలకోసారి చోటు మారతారు. మేము ఆరు మైళ్ళలో ఒక్కసారి కూడా మారలేదు. రెండో మైలు దగ్గర వాగు దాటుతుంటే మంచు పెళ్ళ విరిగి ఎడమ కాలు చీలమండ దాకా నీళ్ళలో దిగిపోయింది. నేను దిగిపోవడం చూసి కర్ట్ పక్కనుంచి ఎగువకి పోయి గట్టిగా ఉన్నచోట దాటాడు. సున్నాకి ఇరవై కింద చలి. ఏడో నంబరు బూటు, అందులో రెండు సాక్సులు, ఆ సాక్సుల నిండా నీళ్ళు. దారిలో నాలుగుసార్లు వెనక్కి తిరిగి మాట్లాడాను. నాలుగుసార్లూ అతను జవాబిచ్చాడు. కారు దగ్గరకొచ్చేసరికి కాలి స్థానంలో కట్టె ఉన్నట్టుంది.

ఆస్పత్రిలో డాక్టరు పిల్లకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వేళ్ళు ఎప్పుడు మొద్దుబారాయి, పక్కనున్నాయనకి చెప్పలేదా అని నన్నే చూస్తూ అడిగింది. జవాబు కర్ట్ చెప్పాడు.

"మాటెత్తితే ఒట్టు. మా ఆర్డిస్ అంతేనండీ, ప్రాణం పోతున్నా చెప్పదు. గట్టి మనిషి."

ఆ పిల్ల అదే రాసుకుంది. నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఆ తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నానో లెక్క లేదు. నిజం చెబుతున్నాను, సిగ్గుగానే ఉంది: గట్టి మనిషి అన్నందుకు లోపల ఎక్కడో మురిసిపోయాను. ఇరవై రెండేళ్ళలో అతను నన్ను నలుగురిలో మెచ్చుకున్నది అదే మొదలు, అది నిజం కాదని చెబితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఆరు వారాలు ఆగి, నల్లబడింది ఎంతవరకో తేలాక, చివరి రెండు వేళ్ళూ తీసేశారు. నాకు మత్తు దిగాక కర్ట్ చేసిన మొదటి పని వెర్నాకి ఫోను. వంట సంగతి మాట్లాడుకున్నారు.

వేసవంతా ఆ కథ ఊళ్ళో తిరిగింది. వేళ్ళు గడ్డకట్టినా నోరెత్తకుండా ఆరు మైళ్ళు పరిగెత్తిన ఆర్డిస్. చర్చిలో ముసలాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఊపేవాళ్ళు. కర్ట్ ఆ వీడియోని కుదించి, మాటలు తీసేసి, గిటారు పాట పెట్టాడు. నవంబరు రాగానే షాపు అద్దానికి కాగితం అంటించాడు. ఆడవాళ్ళకి ప్రత్యేకం, మంచులో పరుగు, బూట్ల ఎంపికలో ఆర్డిస్ చేసిన తప్పు. శనివారం పది గంటలకి, కాఫీ ఉచితం. తప్పు నాదెలా అయిందని అడిగాను. బూట్లు అమ్మేదానివి నువ్వు, నీకు తెలియదా ఏది తొడుక్కోవాలో అన్నాడు. తెలుసు, తెలిసే తొడుక్కున్నాను. నేను చదవాల్సింది అతనే అర పేజీ రాసిచ్చాడు. చివరి వాక్యం, నొప్పి గురించి ఆలోచించలేదు, పరుగు గురించే ఆలోచించాను అని. అది చదివాక సాక్సు తీసి పాదం చూపించాలి. వారం రోజులు గిన్నెలు కడుగుతూ బట్టీ పట్టాను.

పదింటికి కుర్చీలన్నీ నిండాయి. చాలామంది నేను కొలిచిన పాదాలవాళ్ళే. వెర్నా ఓట్స్ బిళ్ళలు కోసి పళ్ళెంలో సర్దుతూ, "చదివేటప్పుడు నవ్వుమొహం పెట్టమ్మాయ్. పొద్దున్నే ఏడుపుమొహం ఎవరు చూస్తారు" అని నా చెవిలో అన్నారు. కర్ట్ లేచి అందరికీ స్వాగతం చెప్పాడు. నన్ను భుజం పట్టుకుని ముందుకి తెచ్చాడు.

"మా ఆవిడకి ఏటా ఏడో నంబరు ఇరుకని గొడవ. రెండు వేళ్ళు పోయాయిగా, ఇప్పుడు సరిగ్గా సరిపోతుంది."

 ముందు ఎవరో నవ్వారు, అందరూ అందుకున్నారు. చివరి వేళ్ళు పోతే పాదం పొడవు తగ్గదు, ఆ మాత్రం కర్ట్‌కీ తెలుసు, నవ్వినవాళ్ళలో సగం మందికీ తెలుసు. అందరికంటే పెద్దగా నవ్వింది నేనే. ఆ నవ్వు నా చెవినే పడింది. పెళ్ళి విందులో నవ్విన నవ్వు, పెద్దాడు నా కాళ్ళు చూసి నవ్వినప్పుడు వాడితో కలిసి నవ్విన నవ్వు, అన్నీ అదే గొంతు. ఇంత బాగా నవ్వడం నాకు ఎవరు నేర్పారో అనుకున్నాను. ఎవరూ నేర్పలేదు, రోజూ సాధన చేశాను.

దీపాలు తగ్గించి వీడియో పెట్టాడు. రెండు నిమిషాలు. తెల్లటి కొండ, నీలం కోటులో నేను, గిటారు. నేను లేచి తెర పక్కన నిలబడ్డాను. కాగితం మడిచి జేబులో పెట్టాను. వాగు దాటాక తెర మీద నేను వెనక్కి తిరిగి ఏదో అన్నాను. గిటారు పైన వినబడేలా చెప్పాను:

"ఇక్కడ నేనన్నది, కర్ట్, బూట్లోకి నీళ్ళు పోయాయి అని. కెమెరా వెనక మనిషి బొమ్మలో రాడు కాబట్టి ఆయన మాటా నేనే చెబుతాను. పరిగెత్తు, ఒంటి వేడికి ఆరిపోతాయి అన్నాడు."

ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని కొందరు నవ్వారు. తెర మీద మళ్ళీ తిరిగాను. ఎడమ కాలి వేళ్ళు తెలియడం లేదు అన్నానని చెప్పాను. చలికాలంలో ఎవరి వేళ్ళు తెలుస్తాయి అన్నాడని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కర్ట్ మొహాన నవ్వు అలాగే అతికించుకుని ఉన్నాడు. మా ఊళ్ళో నలుగురిలో గొంతు పెంచడం కంటే పెద్ద తప్పు లేదు, అందుకని అతను వీడియో ఆపనూ లేడు, ఊరుకోనూ లేడు. కాఫీ చల్లారిపోతోందమ్మాయ్ అని వెర్నా వెనకనుంచి అన్నారు. మూడోసారి తిరిగాను. ఇక్కడినుంచి రోడ్డుకి అడ్డదారి ఉంది, వెళ్ళిపోదాం అన్నాను. కొండ మీద వెలుతురు ఇప్పుడే బావుంది, పద అన్నాడు.

"గాలి హోరులో నాకు వినబడలేదు ఆర్డిస్. నీకూ తెలుసు" అన్నాడు కర్ట్, మెల్లగా, అందరికీ వినబడేలా.

"వినబడకపోతే జవాబెలా ఇచ్చావు?"

అతను జనంలోకి చూశాడు. ఎవరైనా నవ్వుతారేమోనని వెతికాడు. తెర మీద నాలుగోసారి వెనక్కి తిరిగాను. అప్పటికి కుంటుతున్నాను, కానీ మొహం నిండా నవ్వు. ముందు వరసలో ఒకావిడ ఎంతో ఆశగా, "ఇక్కడ నవ్వుతున్నారు కదండీ" అంది. ఇక్కడైనా అంతా బాగానే ఉందని చెబుతానేమోనని చూస్తోంది పాపం.

"అవును, నవ్వుతున్నాను. ఇక్కడ నేనన్నది, సారీ కర్ట్, నీ వీడియో పాడుచేస్తున్నాను అని. దానికి ఆయన పరవాలేదులే అన్నాడు."

గిటారు ఆగింది. ఎవరో దీపాలు వేశారు. ఆ సారీ వెనక్కి తీసుకుంటున్నానని కర్ట్‌తో చెప్పాను.