చాప కింద గుంట

సంచిలో రెండు చీరలు, వాటి మీద కళ్లద్దాలు, అట్ట చినిగిన నా పుస్తకాలు పెట్టాను. కోడలు ఉమ నవ్వింది.

"ఏడికి పోతున్నవ్ అత్తమ్మా?"

"మనల్ని ఎల్లగొట్టినంక సర్దుకోవాల్నా?"

ఇంటి యజమాని రజాక్ అయిజ నుంచి వస్తానని ఫోన్ చేశాడు. గద్వాలలో ఈ ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు, నేల తవ్వే పనిలేని స్టాండు మగ్గం పెట్టుకుంటామని చెప్పాం. తీరా ఉమకు దాని మీద చేయి ఆడలేదు. చిన్నప్పటి నుంచి ఆమెకు గుంట మగ్గమే అలవాటు. కాళ్లు గుంటలో పెట్టుకుని తొక్కితేగానీ నేత సాగదు. ఇంతకుముందు ఇద్దరు యజమానులు గుంట మాట ఎత్తగానే పొమ్మన్నారు. అందుకని ఇక్కడ అడగకుండానే తవ్వేశాం. ఇప్పుడు మగ్గం మీద పెళ్లి చీర సగంలో ఉంది, కదిపితే పాడైపోతుంది. పైగా మనుషులే కాదు, గోడలు దూరమైనా నాకు నెలల తరబడి నిద్ర పట్టదు.

గుంట మీద చాప పరిచాం. రజాక్ వచ్చాడు, చాయ్ తాగాడు. వానలు పడకముందే ఇంటి కప్పు చూసిపోదామని వచ్చాడట. మగ్గం దగ్గర ఆగాడు.

"ఉమా, నేను గూడ జర ఓ పోగు నేస్త. నేర్పుతవా?" అంటూ చాప మీద కాలు పెట్టబోయాడు.

నా నోరు ఆగలేదు. "తమ్మీ, ఆగు! కింద గుంట ఉంది!"

అతను ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాడు. ఉమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. గుంటలో ఒక పక్క మట్టి రోజూ జారిపోతోందని కూడా చెప్పాను.

రజాక్ చాప లాగి తొంగిచూశాడు.

"జారక ఏం జేస్తది? మా అబ్బా జొన్నలు దాచిన పాతర గీడనే ఉండె. బూడిద పోసి పూడ్చినం. తవ్వకముందు ఒక్క ఫోన్ కొడితే చెప్పకపోతునా అక్కా?"

"పొమ్మంటవని భయపడ్డం తమ్మీ."

"నా కాలు విరిగుంటే దవాఖానకు మీరే మోస్తుండిరి! చీర కానియ్యుర్రి, గంతదనుక గా పక్కకు చెక్క ఆనించుర్రి. తర్వాత గోడ దిక్కు తవ్వుకోండ్రి, ఆడ నేల గట్టిది. చుట్టూ పేర్చనీకి బండలు నేను పంపిస్త."

పెళ్లి చీర ఆ నెలలోనే మగ్గం దిగింది. అప్పటి నుంచి కుళాయి కారినా, తలుపు బిగుసుకున్నా ఉమ వెంటనే ఫోన్ చేసేది. ఒకసారి గోడకు మేకు కొట్టుకోవచ్చా అని అడిగితే, "అడగకుండ గుంట తవ్వినోళ్లు మేకుకు అడుగుతున్నరా!" అని అతను పడీపడీ నవ్వాడు.

బండలు అన్నట్టే వచ్చాయి. కొత్త గుంట చూడటానికి వస్తానన్న రజాక్ మాత్రం మళ్లీ ఈ ఇంటికి రాలేదు. 2023 ఆగస్టు 17న, గురువారం పొద్దున, అయిజలో గుండె ఆగి చనిపోయాడు.