శుద్ధి కేంద్రంలో చేపల తొట్టి

నేను ఒక చేపల తొట్టిని. విశాఖపట్నంలో ఒక అద్దాల దుకాణంలో అయిదు గాజు పలకల్ని జిగురుతో అతికించి నన్ను తయారుచేశారు. నా తోటి తొట్లలో ఒకటి హోటలుకి వెళ్లింది, ఒకటి పళ్ల డాక్టరుగారి గదికి వెళ్లింది. నన్ను మాత్రం ఒక చిన్న మునిసిపాలిటీవాళ్లు కొని, ఊరి మురుగంతా చేరే చోటికి పట్టుకుపోయారు. నా నుదుట ఇదా రాసిపెట్టి ఉంది అని కుమిలిపోయాను.

అది మురుగునీటి శుద్ధి కేంద్రం. కాలువల నీళ్లు అక్కడికి వస్తాయి. పెద్ద ట్యాంకుల్లో మోటార్లు ఆ నీళ్లను చిలికి గాలి కలుపుతాయి, మడ్డి అడుక్కి దిగుతుంది, తేటనీళ్లు గొట్టంలోంచి ఏట్లోకి వెళ్తాయి. ఆ తేటనీళ్లు ఎంత మంచివో చూడవచ్చినవాళ్లకు చూపించడానికి నన్ను గుమ్మం పక్కన బల్ల మీద పెట్టారు. ‘శుద్ధి చేసిన నీటిలో చేపలు’ అని నా మీద ఒక కాగితం అంటించారు. నాలో ఆరు ఎర్రచేపలు తిరుగుతుంటే వచ్చిన పెద్దమనుషులు వంగి చూసి మెచ్చుకునేవారు. ఇక నా గర్వం చూడాలి! హోటలుకి వెళ్లినదాని మీద జాలి కూడా పడ్డాను.

నా నీళ్లు మార్చే పని ఆపరేటరు లక్ష్మునాయుడిది. బకెట్టుతో ఎక్కణ్ణుంచి తెస్తున్నాడో నాకు కనిపించేది కాదు. కాగితం మీద రాసిందే నిజమనుకున్నాను. మనుషుల మధ్య కొత్త కదా.

ఒకరోజు అసిరమ్మ వచ్చింది. గొట్టానికి దిగువన, ఏట్లో వలేసి పిల్లల్ని పోషించుకునే మనిషి. కొత్తగా వచ్చిన ఇంజనీరు భానుమూర్తిగారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“బాబూ, మా ఏట్లో సేపలు సచ్చి తేలిపోతన్నాయి. వలేస్తే నల్ల బురదే వస్తంది. మేం ఏటి తిని బతకాల?”

భానుమూర్తిగారు మంచివాడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి టీ ఇప్పించి, నా దగ్గరికి తీసుకొచ్చాడు. మా నీళ్లలో చేపలు ఎంత హుషారుగా ఉన్నాయో చూడమన్నాడు. ఆవిడ చాలాసేపు చూసి, ఇవీ అవీ ఒకటే నీళ్లా అని మెల్లిగా అడిగింది. ఆయనకు కోపం రాలేదు. ఆవిడ కళ్లముందే తేల్చేద్దామని గొట్టం దగ్గర్నించి ఒక బకెట్టు నీళ్లు తెమ్మన్నాడు. లక్ష్మునాయుడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కొత్త నీళ్లకు చేపలు బెదిరిపోతాయని ఏదో నసిగాడు.

“అవే నీళ్లు కదయ్యా” అని భానుమూర్తిగారు నవ్వి, చొక్కా చేతులు పైకి మడిచి, నాలో సగం నీళ్లు తోడేసి, లక్ష్మునాయుడు తెచ్చిన బకెట్టును లోపలికి చూడకుండానే కుమ్మరించాడు.

నా ఒళ్లు జలదరించింది. ఆ నీళ్లను నేనెన్నడూ ఎరుగను. నల్లగా, కుళ్లు కంపుతో వచ్చి పడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. కాసేపటికి ఒక్కొక్కటే వెల్లకిలా తిరిగిపోయింది. ఖాళీ బకెట్టు ఇంకా ఇంజనీరుగారి చేతిలోనే ఉంది.

అప్పుడు లక్ష్మునాయుడు నిజం చెప్పాడు. మోటార్లు కిందటి వానల్లోనే కాలిపోయాయట. ఊరి మురుగు వచ్చింది వచ్చినట్టే ఏట్లోకి పోతోందట. నాలో పోసేవి ఆఫీసు వెనక బోరునీళ్లట. నేను కొయ్యబారిపోయాను. ఎంతమంది నన్ను చూసి తలలూపి వెళ్లారు! వాళ్లందరికీ నాచేత చెప్పించింది అబద్ధమా?

“సూసినారు కదా బాబూ” అంది అసిరమ్మ. భానుమూర్తిగారికి కళ్లనీళ్లు తిరిగాయి. దీన్ని ఊరికే వదలనని ఆవిడకు మాటిచ్చాడు. నేను నమ్మాను.

మోటార్ల సంగతి వచ్చే ఏడాది చూద్దామని పైనుంచి కబురొచ్చింది. ఈలోగా పెద్ద అధికారుల తనిఖీ ఉందన్నారు. భానుమూర్తిగారు రెండు రోజులు అన్నం సహించక తిరిగి, రెండు పనులు చేశాడు. మళ్లీ ప్రాణాలు తీయడం ఇష్టంలేక నాకు ప్లాస్టిక్ చేపలు కొన్నాడు. బ్యాటరీ వేస్తే తోకలాడిస్తాయి. వల మూలన పడేసిన అసిరమ్మకు ఇక్కడే ఊడ్చే పని ఇప్పించాడు.

అధికారులు వచ్చారు. వంగి చూశారు. చేపలు మునుపటికన్నా ఆరోగ్యంగా ఉన్నాయని రాసుకుని వెళ్లారు. వాళ్ల కళ్లకు ఏమైందో నాకిప్పటికీ అంతుపట్టదు.

మర్నాడు అసిరమ్మ చీపురుతో వచ్చింది. గది ఊడ్చి, తడిగుడ్డతో నా అద్దం తుడుస్తూ, లోపల గిరగిరా తిరుగుతున్న వాటిని చూస్తూ నిలబడిపోయింది. లక్ష్మునాయుడు తల దించుకున్నాడు.

“ఇయ్యయితే సావవు” అని, గుడ్డ పిండుకుని పక్క గదిలోకి వెళ్లింది.