చెరువు చేసిన ఫోను

మా ఇంట్లోంచి ఎవరైనా "వెళ్తాను" అంటే గడప దాటనివ్వను. "వెళ్ళొస్తాను" అనాలి. మా వారు ఒకసారి ఏలూరు బస్సెక్కుతూ "వెళ్తున్నా" అన్నారు. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ నాకీ భయం.

మనవరాలు మైత్రేయి తాడేపల్లిగూడెంలో, గవర్నమెంటు యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్సు ఆఖరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్టు గట్టెక్కితేనే డిగ్రీ. ఆ ప్రాజెక్టు ఒక డబ్బా. దాని తీగ చేపల చెరువులో మునిగి ఉంటుంది. నీళ్ళలో గాలి తగ్గితే డబ్బా రైతుకి ఫోను చేసి మాట్లాడుతుంది. ఆయన పరుగున వచ్చి, నీళ్ళని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు వేస్తే చేపలు బతుకుతాయి. కొల్లేరు ఒడ్డున బుల్లిరాజు గారు తన చెరువు వాడుకోమన్నారు.

"మామ్మా, నీ గొంతు బావుంటుంది. ఈ బొత్తాం నొక్కి పట్టుకుని 'నీళ్ళలో గాలి తగ్గింది, రండి' అను. అంతే."

"బాగున్నారా అని అడక్కుండానా?"

"అవతల చేపలు చచ్చిపోతుంటే కుశలప్రశ్నలేంటి మామ్మా!"

సరే, బొత్తాం నొక్కి తను చెప్పినట్టే అన్నాను. కానీ పరీక్షరోజు పొద్దున్న మనసొప్పలేదు. ఒకరింటికి ఫోను చేసి, ఉంటానని కూడా చెప్పకుండా పెట్టేస్తామా? మైత్రేయి స్నానానికి వెళ్ళినప్పుడు బొత్తాం నొక్కి, చివర్న నాలుగు ముక్కలు కలిపాను. కొత్త మాట ఎక్కితే పాతది చెరిగిపోతుందని నాకేం తెలుసు?

పరీక్ష చేసే దత్తాత్రేయులు గారు కారులో, మేమున్న చెరువుగట్టుకి వచ్చారు. "బుల్లిరాజు గారు ఇంటిదగ్గరే ఉన్నారుగా? ఫోను విని ఆయన తనంతట తాను పరిగెత్తుకు రావాలి. అప్పుడే మార్కులు" అన్నారు.

మైత్రేయి తీగని చెరువులోంచి తీసి, మరిగించి చల్లార్చిన నీళ్ళ బకెట్లో ముంచింది. మరిగిన నీళ్ళలో గాలి ఉండదట. డబ్బా ఫోను చేసింది. నా గొంతు మాకూ వినబడింది.

"ఉంటానండీ మరి. అందరూ జాగ్రత్త. నా గురించి బెంగ పెట్టుకోకండి."

"గాలి మాటేదమ్మా?" అన్నారు దత్తాత్రేయులు గారు.

మైత్రేయి నా వైపు చూసింది. నేను కొంగల వైపు చూశాను.

ఇంతలో బుల్లిరాజు గారి బండి గట్టెక్కింది. ఆయన బండిని అలాగే పడేసి, "హైమావతమ్మగారూ, వచ్చేస్తున్నానండీ!" అని నా పేరు పెట్టి అరుస్తూ, పక్కకైనా చూడకుండా చెరువులోకి దూకేశారు.

వెనకాలే దిగిన ఆయన భార్య రాజ్యం ఏడుస్తూ నా చెయ్యే పట్టుకుంది. "మామ్మగారు ఎక్కడ మునిగారండీ?"

"ఇక్కడేనమ్మా" అన్నాను.

నాచుతో సహా బుల్లిరాజు గారి తల పైకి తేలింది. "మీరు గట్టుమీదున్నారా! చెరువు ఫోన్లోంచి ఆ అప్పగింతలేంటండీ? దూకేశారేమో అనుకున్నానండీ!"

దత్తాత్రేయులు గారు నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసేశారు. "రైతు రావాలన్నాను. ఏకంగా చెరువులోకే వచ్చాడు" అన్నారు. మార్కుల సంగతి మాత్రం చెప్పలేదు. మైత్రేయి ముఖం పాలిపోయింది.

ఆయన కారెక్కుతూ, "ఇక వెళ్తానండీ" అన్నారు.

నేను కారుకి అడ్డంగా నిలబడ్డాను. మైత్రేయి గిల్లుతున్నా కదల్లేదు. "వెళ్ళొస్తాననండి బాబూ."

"నేను మళ్ళీ రావాలంటే మీ మనవరాలు ఫెయిలవ్వాలండీ. రమ్మంటారా?"

చటుక్కున పక్కకి తప్పుకున్నాను.

"వద్దు బాబూ. వెళ్ళండి. శుభ్రంగా వెళ్ళండి."