బుడగ దెబ్బ

నీటి బుడగ కంచును తింటుందంటే మా అమ్మ అనసూయమ్మ నవ్వుతుంది. నవ్వనీ. కామారెడ్డిలో మా మేడగదిలో కూర్చుని నేను చేసే ఉద్యోగమే అది. ఓడను నెట్టే కంచు ప్రొపెల్లర్ నీళ్లలో ఎలా దెబ్బతింటుందో కంప్యూటర్‌లో ముందే చూసి చెప్పాలి. రెక్క జోరుగా తిరిగితే దాని వెనక బుడగలు పుడతాయి. రెక్కను ఆనుకుని లోపలికి కూలిపోతాయి. కూలేటప్పుడు నీరు సూదిలా దూసుకొచ్చి లోహాన్ని పొడుస్తుంది. అలా లక్షల పోట్లు పడితే గుంటలు పడి, ఒకనాడు రెక్క ముక్కలుగా ఊడిపోతుంది.

ఆ ఉదయం నా లెక్కలో రెక్క నున్నగా మెరుస్తోంది. నాకు ఒళ్లు మండింది. అదే రకం రెక్కను ఓడ నుంచి విప్పి తీసిన ఫొటోలో పిడికిలి పట్టేంత గుంట ఉంది మరి! పని తొందరగా ముగియాలని కంప్యూటర్‌ను ఆగి ఆగి చూడమన్నాను. ఒక చూపుకు బుడగ ఉంది, మరుచూపుకు లేదు. దెబ్బ ఆ రెండింటి మధ్యలో పడిపోయింది.

చూపులు దగ్గర చేసి మళ్లీ నడిపించాను. దెబ్బలకు గుర్తుగా తెర మీద రెక్క అంచంతా ఎర్రబడింది. పడ్డచోటే మళ్లీ పడుతోంది దెబ్బ. చూస్తుంటే అక్క గుర్తొచ్చింది.

అక్క రాజమణిని ఎల్లారెడ్డిలో ఇచ్చాం. బావ భూపాల్ కొడతాడని తెలిసినప్పుడు పెద్దలు కూర్చుని ఒక ఏర్పాటు చేశారు. నెలకోసారి పుట్టింటివాళ్లు వెళ్లి చూసి రావాలి. వస్తున్నామని ముందురోజే ఫోన్ చేస్తాం, మర్యాద మరి! బావ కోడిని కోయిస్తాడు. అక్క ఎండాకాలంలోనూ నిండుచేతుల జాకెట్టుతో వడ్డిస్తుంది. తిని, బొట్టు పెట్టించుకుని, మంచిగానే ఉందనుకుంటూ బస్సెక్కుతాం.

ఈసారి ఫోన్ చెయ్యకుండా వెళ్లాను. తలుపు లోపల గొళ్లెం పెట్టి ఉంది. బాదితే భూపాల్ నడుముకు బెల్టు పెట్టుకుంటూ తీశాడు. అక్క మూలన ముడుచుకుని ఉంది. పెదవి చీలి రక్తం కారుతోంది. వీపు చూసి నేను పెద్దగా ఏడ్చాను.

సాయంత్రానికి అమ్మ వచ్చింది. ఏర్పాటు చేసిన పెద్దమనిషి లింగం అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కను ఇయ్యాల్నె తోల్కపోత బాపూ," అన్నాను లింగంతో.

"కోపంల ఒక్కటి ఏసిన, గంతే," అన్నాడు భూపాల్.

"నెలనెలా మీ అమ్మ వచ్చి చూసిపాయె. ఎన్నడన్న దెబ్బ కనవడ్డదా?" అని లింగం నన్నే అడిగాడు.

"మేం వస్తున్నమంటె చెయ్యి ఆపుతడు. మేం అటు పోంగనె మళ్ల షురూ చేస్తడు!"

"కొట్టంగ నువ్వు చూసినవా బిడ్డా?"

నేను వెళ్లేసరికి అయిపోయింది కదా.

"కడుపు చించుకుంటె కాళ్ల మీద పడుతది. ఊకో చందనా," అంది అమ్మ. ఆ క్షణాన నాకు ఆమె మీద అసహ్యం వేసింది.

"ఎవ్వరు చూడలే. పిల్ల ఈన్నె ఉంటది," అని లింగం తేల్చేశాడు.

అక్క లోపలికి వెళ్లి రోకలి తెచ్చి, వడ్లు దంచేటప్పటిలా రెండు చేతులతో ఎత్తింది. భూపాల్ దవడ ఫెళ్లున విరిగింది. అరుగు మీద రక్తం, పళ్లు. అక్క మళ్లీ ఎత్తితే అడ్డం వెళ్లాను. నిజం చెప్పాలంటే కొంచెం ఆలస్యంగానే వెళ్లాను.

"చంపుతున్నదిరో! అందరం చూసినం!" అంటూ లింగం పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ ఇంటి గురించి పోలీసులకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.