బలిపీఠము దిగని దాసుఁడు

వసంతము ప్రవేశించి పదిదినములైనను టైబరునదిమీఁదుగా వీచు ప్రాతఃకాలశీతవాయువు రోమానగరవాసులను దుప్పటులు విడువనీయకుండెను. దేవతాప్రీత్యర్థమై యేటేట జరుగు సప్తదినోత్సవములలో నైదవనాఁడు నదీతీరమునఁ గ్రొత్తగాఁ గట్టిన దారునిర్మితరంగస్థలముచుట్టును బౌరులు తాము కూర్చుండు దిండ్లను దాసులచే మోయించుకొని సూర్యోదయముననే చేరి, చోటు దొరకినవారు దొరకనివారిని జూచి నవ్వుచు దొరకనివారు వారి భుజములమీఁదుగాఁ దొంగిచూచుచు హాస్యనాటకమునకై వేచియుండిరి.

ఆ నాటకమున దాసవేషము ధరించిన హిలరుఁడు నిజముగను దాసుఁడే. వాని యజమానుఁడు పాపిరియుఁడను నూనెవర్తకుఁడు వానిని నటబృందమునకు బాడుగకిచ్చియుండెను. పాపిరియుఁడు పొట్ట ముందు నడవఁగాఁ గాళ్లు దాని వెనుక వచ్చుచున్నట్లు మూఁడడుగుల కొకమాఱు ముక్కు నెగఁబీల్చుచు నడుచువాఁడు. మొన్నటి ప్రదర్శనమున యజమానుని వెక్కిరించు ఘట్టమున హిలరుఁడు సరిగా నా నడకయే నడచెను. అంగడివీథివారు గుర్తించి పొట్టలు పట్టుకొని నవ్విరి. ఆ వార్త చెవిఁబడఁగాఁ బాపిరియుఁడు కొట్టలేదు, తిట్టలేదు. ఐదవనాఁటి నాటకము ముగిసినతోడనే వానిని పిండితిరగలికిఁ బంపెదనని మాత్రము చెప్పెను. ఆ తిరగలిని గాడిదలును, గాడిదలు చచ్చినపుడు దాసులును గొలుసులతోఁ ద్రిప్పుదురు. అచటికిఁ బోయినవాఁడు తిరిగివచ్చినట్లు హిలరుఁ డెన్నఁడును వినియుండలేదు.

నాటకాంతమున యజమానుని మోసగించిన దాసుఁడు రంగస్థలమధ్యముననున్న బలిపీఠ మెక్కి కూర్చుండును. దేవతను శరణుజొచ్చినవానిని జేయిపట్టి యీడ్చుట మహాపాపముగావున ముసలియజమానుఁడు వేఱుదారిలేక క్షమించును, దాసుఁడు దిగును, జనులు చప్పట్లు కొట్టుదురు. ఆనాఁడును ముసలివాఁడు క్షమించెను. జనులు చప్పట్లు కొట్టిరి. హిలరుఁడు దిగలేదు. వేణువాదకుఁడు తుదిపాటను మరల నూఁదెను. తోడినటులు కనుసైగలు చేసిరి. వాఁడు కాళ్లు ముడుచుకొని మఱింత సుఖముగాఁ గూర్చుండెను.

పాపిరియుఁడు ముందువరుసనుండి లేచి పొట్టవెంట రంగస్థల మెక్కి మూఁడడుగులు వేసి ముక్కు నెగఁబీల్చెను. అతని నెఱుఁగని జనులు ఇది క్రొత్త రంగమనుకొని, ఈ నడక హిలరునికన్న వీనికే బాగుగఁ బట్టువడినదని మెచ్చుకొనిరి.

“ఓరీ, దిగిరా.”

“చిత్తము దొరా. దిగను.”

“ఇది నాటకపు పీఠమురా. వట్టి కొయ్య.”

మాటలతో లాభములేక పాపిరియుఁ డుత్సవాధికారియగు సెర్వీలియుని రంగస్థలముమీఁదికిఁ బిలిచి, ఇది కొయ్యయని తీర్పు చెప్పుమని వేఁడెను. హిలరుఁడు కూర్చున్నచోటనే చేతులు జోడించెను.

“ఏలినవారు తొలినాఁటి యుదయమున సాంబ్రాణి వేసి మ్రొక్కినది దీనికే గదా. ఇది వట్టి కొయ్యయని తమరు సెలవిచ్చినచో నిప్పుడే దిగెదను.”

రోమానగరాచారము ననుసరించి పూజలో నేలోపము బయటపడినను ఉత్సవమంతయు మొదటినుండి మరల జరుపవలెను. సెర్వీలియుఁడు తెఱచిన నోరు మూయక ముందువరుసనున్న యుత్సవపురోహితునివైపు చూచెను. పురోహితుఁడు మరల జరుపవలసిన దినములను లెక్కించి యేడువ్రేళ్లు చూపెను. వెంటనే సెర్వీలియుఁడు ఆ పీఠమునందు దేవత సంపూర్ణముగా నున్నదని తీర్పు చెప్పి తన యాసనమునకు మరలిపోయెను.

ఆఁకలియే వీనిని దింపఁగలదని పాపిరియుఁడు పీఠముచెంతఁ జతికిలఁబడెను. జనులు తమ వేయించిన సెనగలను బిడికిళ్లతో హిలరునకు విసరిరి. వాఁడు తీరికగా నమలుచుండెను. తరువాతి నాటకపు నటులు వేషములతో నెండలో నిలిచి చెమటలు గార్చుచుండిరి. తుదకు జనులు, ఈ క్రొత్తముసలివాఁడు నడక నేర్చెనుగాని మాటలు మఱచెనని యీలలు వేసి, క్షమించితినని చెప్పుమని నలుదెసలనుండి యందింపసాగిరి. పాపిరియుఁడు తలవంచుకొని గొణిగెను.

“తిరగలికిఁ బంపను.”

“దొరా, వెనుకవరుసలవారికి వినఁబడలేదు.”

పాపిరియుఁడు లేచి, ఇంకెన్నఁడును బంపనని నది యావలియొడ్డునకు వినఁబడునట్లు అఱచెను. సభాసదులందఱును సాక్షులైరి. హిలరుఁడు పీఠము దిగి వంగి నమస్కరించెను.

మధ్యాహ్నమునకు సభ చెదరెను. పాపిరియుఁడు ముందు నడచెను. హిలరుఁ డతని దిండును మోయుచు వెనుక నడచెను. దారిపొడవునను బౌరులు ఆ దాసుని నేర్పును బొగడుచు, యజమానులు ఇంత మూర్ఖులుగ నుందురా యని యొండొరులతోఁ జెప్పుకొని నవ్వుచు నిండ్లకుఁ బోవుచుండిరి. వారిలో నొక్కఁడైనను దన దిండును దాను మోసికొని పోవుచుండలేదు.