సిలేని రెండో రికార్డు

మా పోస్ట్-పంక్ బ్యాండ్‌కు మా ఊరి సన్నజల్లు పేరే పెట్టుకున్నాం: గరోవా. పాడేది సిలేని, డ్రమ్స్ వాయించేది అదౌతో, బేస్ గిటార్ నేను. సావో పౌలో అంతా సాంబాకు ఊగుతుంటే మేం మండుటెండలో నల్లకోట్లు తొడుక్కుని దిగులు పాటలు పాడేవాళ్లం. "ఎవరు పోయార్రా?" అని బిషీగా పేటవాళ్లు ఆటపట్టించేవారు. ఏ కంపెనీ గడపా తొక్కకుండా ఒక రికార్డు మేమే వేసుకుని, చంకన పెట్టుకు తిరిగి అమ్ముకున్నాం. రెండోదానికి టేపు మీద పాడిన వారంలోనే బస్సు గుద్ది సిలేని చనిపోయింది. ఆ టేపు ముట్టుకునే ధైర్యం మాకు ఏళ్ల తరబడి రాలేదు.

మొన్న సిలేని వాళ్లమ్మ దోనా జుల్మీరా కబురు పెట్టింది. "చెవులు మూసుకుపోతున్నాయిరా జెరాల్దో. పూర్తిగా పోకముందే పిల్ల గొంతు వినిపించు."

టేపు జిగురెక్కిపోయింది. ఇంతగా పాడైనదాన్ని సన్నని సెగన ఆరబెడితే ఒక్కసారి పలుకుతుందేమో, తర్వాత పొడిపొడిగా రాలిపోతుంది. అదౌతో తన బేకరీలో, చీజ్ బన్నులు తీశాక చల్లారుతున్న పొయ్యిలో పెట్టాడు.

"మాడ్చావో, చంపేస్తా" అన్నాను.

"నోర్ముయ్. నీ బేస్ కంటే నా పొయ్యే నయం." పొయ్యి దగ్గర్నుంచి మాత్రం వాడు కదల్లేదు.

మధ్యాహ్నం బేకరీ మూసి, దోనా జుల్మీరాతో కలిసి ముగ్గురం కూర్చున్నాం. పాటను ఎక్కించుకోవడానికి పక్కన కంప్యూటర్ పెట్టాం. టేపు తిరిగింది. సిలేని గొంతు సవరించుకుంది. "త్వరగా కానివ్వండ్రా, అమ్మ తిడుతుంది" అని నవ్వింది. పాట ఎత్తుకుంది. దోనా జుల్మీరా స్పీకరుకు చెవి ఆనించింది. సిలేని ఆ గదిలోనే ఉందనిపించింది.

పాట అయిపోయింది. యంత్రం కింద గోధుమరంగు పొడి పడి ఉంది. కంప్యూటర్‌లో ఏమీ ఎక్కలేదు.

"నువ్వు నొక్కలేదా?"

"నువ్వు నొక్కలేదా?"

మా బ్యాండ్‌లో రికార్డు బటన్ ఎప్పుడూ సిలేనే నొక్కేది. ఇంకెవరైనా ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టేది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇద్దరం ఆమే నొక్కుతుందని కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగలేదు.

దోనా జుల్మీరా కోప్పడలేదు. "విన్నాం కదరా. మర్చిపోకముందే మనమే పాడదాం" అంది.

మొదటి చరణం కలిసే పాడాం. రెండోదానికి ముగ్గురం మూడు దారులు పట్టాం. "ఇలా కాదు, ఇలా" అంటూ ఎవరికి వాళ్లం ఒట్టేసి చెప్పాం.

దోనా జుల్మీరా విసుక్కుంది. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "ఏమే, ఎవరు సరిగ్గా పాడారో నువ్వే చెప్పు" అంది.

ఇద్దరం ఊపిరి బిగబట్టి జవాబు కోసం ఆగాం.