ముందు నడవాల్సిన మనిషి

కొండ ఎక్కడం చాలా సులువని జాబేజ్ చెబుతున్నకొద్దీ యూనిస్‌కి గుబులు పెరిగిపోతోంది.

ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో రేబెకా ఇంట్లో శనివారం సాయంత్రం ప్రార్థన కూటం అప్పుడే ముగిసింది. అందరి చేతుల్లోకీ టీలు వచ్చాయి. యూనిస్ చెల్లెలి కొడుకు జాబేజ్ సంఘంలో యౌవనస్థులకు నాయకుడు. వాడు ఫోనులో కొండ ఫోటోలు తిప్పితిప్పి చూపిస్తున్నాడు. ప్రతి ఏడూ ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధన ఈసారి కాలింపాంగ్ దగ్గర ఒక కొండమీద జరగాలని కుర్రకారు పట్టుబట్టారు. పాస్టరుగారు సరేనన్నారు. కొండ కొసన నిలబడితే ఎదురుగా కాంచనజంగ, దాని మంచుమీద తొలి ఎండ. పుట్టి బుద్ధెరిగాక ఫ్లైఓవర్ కంటే ఎత్తయినదేదీ ఎక్కని పిల్లలకు ఇంకేం కావాలి?

"ఏక్‌దమ్ ఈజీ దారి. సగందాకా జీపు ఎల్తాది. అక్కణ్ణించి ఆస్తే ఆస్తే, నెమ్మదిగా నడిచినా గంట పట్టదంట. చిన్నపిల్లలు కూడా ఎక్కీస్తారంట," అన్నాడు జాబేజ్, యూనిస్ భర్త ప్రేమానందం వైపు తిరిగి. "ముందు పెదనాన్న నడుస్తారు. ఎనకాల మేమందరం పాటలు పాడుకుంటా వస్తాం."

గదంతా "స్తోత్రం" అంది. శియాల్దాలో రైలు ఎక్కే వేళ, జీపుల బేరం, ముసలివాళ్ళకు మంకీ కేపులు, అన్నీ చకచకా తేలిపోయాయి. అందరికీ ఒకే రంగు జాకెట్లు కుట్టించడానికి రేబెకా మెటియాబ్రుజ్‌లో దర్జీని కూడా మాట్లాడేసింది. ముందు నడిచే పెద్దాయనకు మాత్రం తెల్లది.

ప్రేమానందం నవ్వాడు. ఆ నవ్వు నవ్వడానికి భర్త ఎంత కష్టపడుతున్నాడో యూనిస్ ఒక్కతికే తెలుసు.

ఆయన ఓడరేవు డాకులో క్రేను నడిపి రిటైరైన మనిషి. కిందటేడు గుండెనొప్పి వచ్చింది. ఆపరేషను చెయ్యాలన్నారు డాక్టర్లు. ఆయన మాత్రలు వేసుకుంటూనే ఉపవాసాలుండి ప్రార్థన చేశాడు. కొన్నాళ్ళకు నొప్పి పోయింది. అంతే, ఆ ఆదివారమే సంఘం ముందు నిలబడి, ప్రభువు తన గుండెను ముట్టి బాగుచేశాడని సాక్ష్యం చెప్పాడు. అబద్ధమాడలేదు పాపం, మనసారా నమ్మే చెప్పాడు. ఆవేళ గుడిలో ఏడవని వాళ్ళు లేరు. యూనిస్ అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

చిక్కంతా ఆ తర్వాత మొదలైంది. దేవుడు బాగుచేశాడని నలుగురిలో చెప్పి చాటుగా మాత్రలు మింగడం ఏం మర్యాదని ఆయన మాత్రలు మానేశాడు. డాక్టరు గుమ్మం తొక్కడమూ మానేశాడు. సంఘంలో ఎవరికి జ్వరం తగిలినా, ఎవరింట్లో కాన్పు కష్టమైనా ఆయనకే కబురొచ్చేది. వెళ్ళి తలమీద చేతులుంచి ప్రార్థించి వచ్చేవాడు. బాగుపడ్డ మనిషని పేరు పడ్డాక ఇక బాగుండక తప్పదు కదా. అందరూ ప్రేమతోనే పిలిచేవారు. ఆ ప్రేమే ఆయన పీకలమీదికి తెచ్చింది.

వానాకాలం నుంచి ఆయాసం మళ్ళీ మొదలైంది. బజారు నుంచి కూరల సంచి తెస్తే కాసేపటిదాకా మాట రాదు. వెల్లకిలా పడుకోలేక గోడకు చేరగిలబడి కునుకు తీస్తాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామని యూనిస్ పోరని రోజు లేదు.

"ఎళ్ళి ఏటని చెప్పమంటావు?" అనేవాడు. "దేవుడు బాగుచేసీసాడన్న నోటితోనే మళ్ళీ పాడైపోనాదని చెప్పమంటావేటి? ఆ పిల్లల నమ్మకం ఏటౌతాది?"

"మరి మీరేటైపోతారు?" అని ఆమె అడిగితే బైబిలు తెరిచి కూర్చునేవాడు.

ఈ కొండ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకు తిండి సయించడం లేదు. ఒప్పుకోవద్దని ఇంటిదగ్గర బతిమాలితే ఆయన తలూపాడు. ఇక్కడ జాబేజ్ అడిగితే వాడికీ తలూపాడు. యూనిస్‌కి ఒళ్ళు మండింది. అంతకు పదిరెట్లు భయం వేసింది. ఆ కొండ ఎక్కితే ఈయన తిరిగి దిగడు. ఆ మాట ఆమెకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు.

"నేను రాలేను బాబూ," అంది కూర్చున్న కుర్చీలోంచే. "నా మోకాళ్ళు పనికిరావు. నన్నొదిలీసి మీ పెదనాన్నా రాలేరు. మీరు ఎళ్ళి రండి."

బాగానే తప్పించాననుకుంది. పూర్తిగా అబద్ధం కూడా కాదు, ఆ వయసు ఆడదాని మోకాళ్ళు ఎప్పుడడిగినా నొప్పిగానే ఉంటాయి. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు మరీ మంచివాళ్ళైతే తప్పించుకోవడం అంత తేలిక కాదు. రేబెకా టీకప్పు పక్కన పెట్టి లేచింది.

"అదేటాంటీ, ఇంట్లో అంకుల్ని ఎట్టుకుని మోకాళ్ళంటారేటి? అంకుల్, మీరిప్పుడే ప్రార్థన చెయ్యండి. అందరం కలిసి ప్రార్థిద్దాం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. యూనిస్ కొంగు తలమీదికి లాక్కుంది. కాదనడానికి ఒక్క సాకూ తోచలేదు. ప్రేమానందం వచ్చి ఆమె తలమీద రెండు చేతులూ ఉంచాడు.

"ప్రభువా, నీ దాసురాలిని కనికరించు. ఆమె కాళ్ళకు బలమియ్యి. ఆమె నాకు..." అని ఆగాడు. ఒక ఊపిరి పీల్చి మళ్ళీ అందుకున్నాడు. "ఆమె నాకోసం..." మళ్ళీ ఆగాడు.

వెనకాల ఎవరో వెక్కారు. పెద్దాయన కన్నీటితో ప్రార్థిస్తున్నాడనుకున్నారు. ఆయనకు ఊపిరి అందడం లేదని, పడిపోకుండా తన తలనే ఊతగా పట్టుకున్నాడని యూనిస్‌కి తెలుస్తోంది. ఆయన బరువంతా ఆమె మెడమీద ఉంది. ఆమె పళ్ళు బిగించి మెడ నిటారుగా నిలబెట్టింది. ఆ ప్రార్థన ఎలా ముగిసిందో ఆమెకు వినిపించనే లేదు. అందరూ ఆమేన్ అన్నాక తెలిసింది.

"ఇప్పుడెలగుందాంటీ? ఓసారి లేచి నడవండి," అంది రేబెకా ఆశగా.

తగ్గిందంటే ఇద్దరూ కొండకు పోవాలి. తగ్గలేదంటే, ఆయన ప్రార్థన పనిచెయ్యలేదని ఇంతమందిలో కట్టుకున్న పెళ్ళామే చెప్పినట్టు. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ముందు ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగదు. ఆ అవమానం కంటే చావే నయమని ఆయన అనుకోవచ్చు. అనుకోనీ. ఆమెకు మాత్రం ఆయన బతికుండడమే కావాలి.

"తగ్గలేదమ్మా," అంది.

జాబేజ్ ఫోనులోకి చూస్తూ ఉండిపోయాడు. రేబెకా వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. పాపం, ఈవిడకు విశ్వాసం చాలలేదని ఆ పిల్ల నిజంగానే బాధపడుతోంది.

"నమ్మకం ఉంచండాంటీ. అంకుల్‌కి తగ్గలేదేటి?" అంది మెల్లగా.

యూనిస్ కళ్ళెత్తలేదు. ఎత్తితే ఆయన మొహం చూడాలి. చేతులు తీసేసి బయటికి వెళ్ళిపోతాడనుకుంది. ఆయన తియ్యలేదు.

"నాకూ తగ్గలేదమ్మా," అన్నాడు ప్రేమానందం. "కుర్చీ ఓటి ఇలగ జరుపు."

జాబేజ్ లేచాడు. కుర్చీ వచ్చేదాకా యూనిస్ మెడ వంచలేదు.